పౌలు ఎక్కిన ఓడ మీది బొమ్మ

మూడేళ్ళ క్రిందటి మాట. శనివారం సాయంత్రం. మరునాటి ప్రసంగం ఇంకా సిద్ధం కాలేదని నేను కంగారుగా ఉన్నాను. మా సంఘంలోని ఒక యౌవనస్థుడు మందిరం గోడకు సైకిలు ఆనించి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అతను పెడనలో కలంకారీ అద్దకం పనిలో ఉన్నాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం రాత్రికి చల్లపల్లి చేరుకునేవాడు. ఆదివారం ఆరాధనకు తప్పేవాడు కాదు.

"అయ్యగారండీ, ఒక చిన్న అనుమానం. మా షెడ్డుకు కొత్త ఆర్డరు వస్తోందంటున్నారండి. ఇదివరకటిలాగా పూలూ లతలూ కాదు, దేవుళ్ళ బొమ్మలంట. నేను అచ్చు వేయవచ్చాండీ?" అని అడిగాడు.

నేను తల ఎత్తి సరిగా చూడను కూడా లేదు. "పది ఆజ్ఞలు సండే స్కూల్లోనే నేర్చుకున్నావు గదా నాయనా. రెండవ ఆజ్ఞ ఏమి చెబుతోంది? ఆ పని మానెయ్యి" అన్నాను. అంతా కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది. సోమవారం అతను పని మానేశాడు. తరువాత నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకు కుదిరాడని వాళ్ళమ్మగారు చెప్పారు. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

ఆ సంగతి మళ్ళీ నా ముందుకు రావడానికి కారణం హాలెండు దేశం నుండి వచ్చిన ఏడు బొమ్మలు.

మా సంఘంలోని ఒక సహోదరి కుమార్తె అక్కడ నర్సుగా పనిచేస్తోంది. కిందటి క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు నాకొక కవరు ఇచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో రైక్స్‌ మ్యూజియం అనే పెద్ద మ్యూజియం ఉందట. తమ దగ్గరున్న పాత బొమ్మల్ని ఎవరైనా ఉచితంగా అచ్చు తీసుకునేటట్టు కంప్యూటరులో పెట్టారట. "మీకు పాత పుస్తకాలంటే ఇష్టం గదా అయ్యగారూ, అందుకని తెచ్చాను" అంది. కవరులో ఏడు కాగితాలు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో మధ్యన ఒక దేవతో దేవుడో విగ్రహంలాగా నిలబడి ఉన్నారు. చుట్టూ మనుషులు తమ తమ పనుల్లో మునిగి ఉన్నారు. ఒక బొమ్మలో నాగళ్ళు, ఒక దానిలో చేపలు పట్టేవాళ్ళు, మరొక దానిలో యుద్ధం, ఇంకొక దానిలో భూగోళం ముందు పెట్టుకున్న పండితులు.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని లాటిన్ అక్షరాలతో కుస్తీ పడుతుంటే, వంటింట్లో నుండి వచ్చిన మా ఇంటావిడ ఒక్కసారి చూసి, "ఏడున్నాయి, వారాలు కాదు గదా?" అంది. వారాలే. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. వాళ్ళు మార్స్ అన్నది మన మంగళవారపు కుజుడినే. వాళ్ళ మెర్క్యురీ మన బుధుడు, జూపిటర్ మన గురుడు, శాటర్న్ మన శని. శుక్రుడు మనకు మగవాడు, వాళ్ళకు వీనస్ అనే స్త్రీ. ప్రతి ఆదివారం "వచ్చే బుధవారం ఉపవాస ప్రార్థన, శుక్రవారం స్త్రీల సమాజం" అని ప్రకటనలు చదువుతున్నాను గదా, అప్పుడు ఎవరి పేర్లు పలుకుతున్నానో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంగ్లాండులో క్వేకర్లు అనే విశ్వాసులు ఇది ఆలోచించి, ఆ పేర్లు మనకొద్దు అని మొదటి దినము, రెండవ దినము అంటూ లెక్కపెట్టుకున్నారు. లోకం వాళ్ళ వెంట నడవలేదు.

ఈ ఏడు బొమ్మలూ 1596లో అచ్చయ్యాయి. గీసినవాడు హెండ్రిక్ గోల్ట్‌సియస్. చెక్కినవాడు యాన్ సాన్‌రెడామ్. గోల్ట్‌సియస్ కథ వినవలసినది. పసితనంలో నిప్పుల్లో పడి అతని చేతులు కాలిపోయాయి. కుడిచెయ్యి వంకరపోయి, జీవితాంతం వేళ్ళు పూర్తిగా చాపలేకపోయాడు. అదే చేతితో హార్లెమ్ పట్టణంలో కూర్చుని ఆ కాలపు యూరపులోనే పేరుపొందిన చెక్కడపు పనివాడయ్యాడు. 1588లో ఆ వంకర చేతినే బొమ్మగా గీశాడు. అది ఇప్పటికీ హార్లెమ్‌లోనే ఉంది.

ఈ పని ఎలా చేస్తారో మన పెడన పద్ధతితో పోల్చి చెబితే తేలికగా అర్థమవుతుంది. పెడనలో టేకు దిమ్మ మీద అక్కరలేని కర్రను తొలిచేస్తారు. పైకి లేచి ఉన్న భాగమే రంగు తీసుకుని గుడ్డ మీద పడుతుంది. వాళ్ళది దీనికి తలక్రిందులు. నున్నని రాగిరేకు మీద సన్నని ఉలితో గీతలు తొలుస్తారు. రేకంతా సిరా పూసి తుడిచేస్తే, పైన ఉన్నది పోయి గీతల్లోనిది మాత్రం నిలుస్తుంది. తడిపిన కాగితం దానిమీద పరచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. ఒక్క రేకు నుండి వందలకొద్దీ కాగితాలు తీయవచ్చు. గొప్పవారి గోడ మీది రంగుల చిత్రం ఒక్కటే ఉంటుంది. ఈ కాగితం బొమ్మ మాత్రం సంత దాకా, ఓడ గది దాకా పోగలదు.

నన్ను ఆపేసిన విషయం ఇది కాదు. ఇవి ఏ దేశంలో అచ్చయ్యాయన్నదే. హాలెండంటే సంస్కరణ సంఘాల దేశం. 1566 ఆగస్టులో ఆ ప్రాంతాల్లో జనం ఊరూరా మందిరాల్లోకి చొరబడి పరిశుద్ధుల విగ్రహాలు, పటాలు పగులగొట్టారు. తరువాత గోడలకు సున్నం కొట్టారు. వాక్యము తప్ప కంటికి మరేమీ కనబడకూడదన్నారు. మరి అదే దేశంలో, ముప్పై ఏళ్ళకే, రోమావారి దేవతలు ఇంటింటి కాగితాల మీద ఎలా నిలబడ్డారు?

ఇక్కడ ఒక తండ్రీకొడుకుల సంగతి ఉంది. ఆ ఏడు బొమ్మలు చెక్కిన యాన్ సాన్‌రెడామ్ 1607లో చనిపోయాడు. అప్పటికి కొడుకు పీటర్‌కు ఇంకా పదేళ్ళు నిండలేదు. పెద్దయ్యాక పీటర్ కూడా చిత్రకారుడే అయ్యాడు. అయితే అతను జీవితమంతా గీసినవి మందిరాల లోపలి దృశ్యాలు. తెల్లని స్తంభాలు, తెల్లని గోడలు, కిటికీలోనుండి పడే వెలుతురు, ఎక్కడో మూలన చిన్నగా ఇద్దరు ముగ్గురు మనుషులు. తండ్రి దేవతల్ని చెక్కాడు, కొడుకు దేవతలు లేని గోడలు గీశాడు. ఇవి రెండూ ఒకే ఇంటినుండి వచ్చాయి, కొన్నవాళ్ళు కూడా బహుశా అవే ఇళ్ళవాళ్ళు. అందులో వారికి విడ్డూరమేమీ కనబడలేదు.

ఎందుకు కనబడలేదంటే, ఆ దేవతలకు అప్పటికి వేయి సంవత్సరాలకు పైగా గుడి లేదు, పూజారి లేడు, బలి లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెప్ట్యూన్‌కు కొబ్బరికాయ కొట్టేవాడు ఒక్కడూ లేడు. కాబట్టి నెప్ట్యూన్ అంటే సముద్రం. మెర్క్యురీ అంటే వర్తకం. సీరీస్ అంటే పంట, బాకస్ అంటే ద్రాక్షారసం, మార్స్ అంటే యుద్ధం, మినర్వా అంటే జ్ఞానం, శాటర్న్ అంటే కొడవలి పట్టిన కాలం. మనం పలక మీద అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని దిద్దించినట్టు, ఇవి వాళ్ళకు అక్షరాలైపోయాయి. వాటిని పక్కపక్కన పెట్టి వాక్యాలు రాసుకున్నారు. గోల్ట్‌సియస్ చాలాసార్లు గీసిన ఒక విషయం చూడండి. సీరీస్, బాకస్ దగ్గర లేకపోతే వీనస్ చలికి వణుకుతుంది. అంటే అన్నపానాలు లేని చోట వలపు చల్లబడుతుందని. ఇది మన ఇళ్ళల్లో పెద్దలు కొత్త దంపతులను చూసి నవ్వుతూ అనే మాటే. ఆ 1596లోనే వీళ్ళు ఇద్దరూ చేసిన మరొక బొమ్మలో రైతులు పంట తెచ్చి సీరీస్ ముందు నిలబడి ఉంటారు. మన డెల్టా రైతు ఎవరైనా చూస్తే ఆ ముఖాలు గుర్తుపడతాడు.

ఇవి నిజానికి ఉపమాన చిత్రాలు. యేసుప్రభువు విత్తువాని గురించి చెప్పినప్పుడు ఆ విత్తువాడు ఏ ఊరివాడని ఎవరూ అడగలేదు గదా. అదే దేశపు మరొక బొమ్మల వరుస నాకు ఇంకా నచ్చింది. అందులో దేవతలు కూడా అక్కరలేదు, గుణాలే రథాలెక్కాయి. మార్టెన్ వాన్ హీమ్స్‌కెర్క్ గీశాడు, 1564లో అచ్చయింది. మొదట లోకం రథమెక్కి వస్తుంది. తరువాతి రథంలో ఐశ్వర్యం. ఐశ్వర్యానికి గర్వం పుడుతుంది, గర్వానికి అసూయ, అసూయకు యుద్ధం, యుద్ధానికి దరిద్రం. దరిద్రం నుండి వినయం పుడుతుంది, వినయం నుండి సమాధానం, సమాధానం నుండి మళ్ళీ ఐశ్వర్యం. చిట్టచివర అంత్యతీర్పు. మూడు తరాల్లో ఈ రథాలన్నీ ఎక్కి దిగిన కుటుంబాలు నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటాయి.

ఇక సముద్రం సంగతి. హాలెండు వారి నేలలో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది. కట్టలు, కాలువలు, లాకులు లేకపోతే ఆ దేశం లేదు. అక్కడి అచ్చుబొమ్మల్లో నెప్ట్యూన్ నీటిగుర్రాల రథం మీద వస్తుంటే, మన పెద్దవాళ్ళు 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన గురించి చెప్పేటప్పుడు వాళ్ళ కళ్ళల్లో కనబడేదే నాకు గుర్తొచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. కాని తాటిచెట్టంత అల అని చెప్పేటప్పుడు మా సంఘపెద్ద ఒకాయన చెయ్యి ఇప్పటికీ పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. అంత పెద్ద భయాన్ని ఊరికే నీరు అని ఎవరూ అనలేరు. దానికి ఒక ముఖం పెట్టుకుంటారు.

ఆమ్‌స్టర్‌డామ్ వారు 1655లో కొత్త నగరసభ భవనం ప్రారంభించారు. ఇప్పుడది రాజభవనం. దాని ముందరి నెత్తిమీద నగరం ఒక కన్యకలాగా కూర్చుని ఉంటే, సముద్ర దేవతలంతా వచ్చి ఆమెకు మర్యాద చేస్తున్నట్టు శిల్పం ఉంది. వెనుకవైపున నాలుగు ఖండాలవారు సరుకులు తెచ్చి సమర్పిస్తుంటారు. లోపల వరండాల్లో మన వారాలవాళ్ళు మళ్ళీ కనబడతారు. వీటినన్నిటినీ శిల్పి క్వెల్లినస్ తమ్ముడు రాగిరేకుల మీద చెక్కి పుస్తకంగా వేశాడు. నాకు ముచ్చటగా అనిపించింది మాత్రం దివాలా తీసినవారి లెక్కలు చూసే గది తలుపు. దాని పైన, మైనపు రెక్కలు కట్టుకుని సూర్యుని దగ్గరగా ఎగిరి పడిపోయిన ఇకారస్ ఉన్నాడు. చుట్టూ తోరణంలో ఖాళీ పెట్టెలు, తీర్చని బిల్లులు, వాటి మధ్య ఎలుకలు. అప్పులిచ్చే ఆఫీసుల ముందు కూడా అలాంటిదొకటి పెడితే బాగుండును.

బోధకులు ఎవరూ అడ్డు చెప్పలేదనుకోకండి. కాంఫ్యూసెన్ అనే బోధకుడు, కవి కూడా, అసలు చిత్రకళే వ్యర్థమైనదని ఘాటుగా రాశాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. వీనస్ పేరు పెట్టి బట్టలు లేని బొమ్మలు అమ్ముకున్నవాళ్ళు లేకపోలేదు. రెండవ వైపున కారెల్ వాన్ మాండర్ ఉన్నాడు. ఫ్లాండర్స్‌లో అల్లర్ల వలన ఇల్లూ వాకిలీ వదలి హార్లెమ్‌కు పారిపోయి వచ్చిన చిత్రకారుడు. ఈయన మెన్నోనైట్. మన మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి గదా, ఆ మూలం నుండి వచ్చినవాడే. ఆడంబరానికి దూరంగా ఉండే విశ్వాసులు. అలాంటివాడు 1604లో చిత్రకారుల కోసం పెద్ద గ్రంథం వేశాడు. అందులో ఒక భాగమంతా రోమా కవి ఒవిడ్ రాసిన దేవతల కథలకు నీతి అర్థాలు, ఏ దేవతను ఏ గుర్తులతో గీయాలన్న వివరాలు. చదివినవాడు బొమ్మను చూసి దారి తప్పకుండా అర్థం దగ్గరకు వెళ్ళాలని ఆయన ఉద్దేశం.

ఇంతవరకు నేను వాన్ మాండర్ పక్షం. మా కుర్రవాడికి తొందరపడి చెప్పానని కూడా అనుకున్నాను. కాని ఆ డచ్చివారే మన తీరానికి వచ్చినప్పుడు ఏమైందో చూస్తే సంగతి అంత తేలిక కాదు.

బందరులో వలందపాలెం అనే పేట ఉంది. వలందులంటే హాలెండువారే. పరాసుపేట ఫ్రెంచివారిది, ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. డచ్చి కంపెనీ 1602లో ఏర్పడితే, 1605కే వారి మనుషులు మచిలీపట్నంలో దిగారు. తరువాత ఏడాది గోల్కొండ సుల్తాను నుండి అనుమతి పొందారు. వారికి కావలసినది మన అద్దకం గుడ్డ. దానిని తూర్పు దీవులకు తీసుకుపోయి మిరియాలకు, లవంగాలకు, జాజికాయకు మార్చుకునేవారు. మన కృష్ణ లంకల్లో దొరికే చిరివేరు నుండి వచ్చే ఎరుపు అప్పట్లో ఎంతో పేరుపొందినది. ఏ రకం పువ్వు, ఏ రకం అంచు కావాలో నమూనాలు పంపి నేయించుకుని అద్దించుకునేవారు. బందరుకోటలో వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మొన్న వెళ్ళి చూశాను. నల్లని పెద్ద రాళ్ళ మీద కుటుంబ చిహ్నాలు, చుట్టూ అక్షరాలు, మన కంసాలి చెక్కినంత సున్నితంగా ఉన్నాయి. దక్షిణాన పులికాట్‌లోని వారి సమాధుల తోటకైతే ద్వారం దగ్గరే అస్థిపంజరాలు కాపలా ఉన్నాయి. మరణమే మనిషి రూపంలో నిలబడి లోపలికి వచ్చేవారిని చూస్తున్నట్టు.

ఆ పులికాట్‌లోనే 1632 నుండి 1642 వరకు అబ్రహాం రోగేరియస్ అనే బోధకుడు పనిచేశాడు. కంపెనీ ఉద్యోగులకు ఆదివారం ప్రసంగించడం ఆయన పని. ఆ పదేళ్ళలో ఆయన మరొక పని కూడా చేశాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ణి కూర్చోబెట్టుకుని, మీరు ఏమి నమ్ముతారు, పండుగ ఎందుకు చేస్తారు, పెళ్ళి ఎలా చేస్తారు, చనిపోతే ఏమి చేస్తారు అని అడిగి రాసుకున్నాడు. భర్తృహరి నీతి, వైరాగ్య సుభాషితాలు కూడా ఆ స్నేహితుడి సహాయంతో డచ్చిలోకి మార్చాడు. సంస్కృత సాహిత్యం ఒక యూరపు భాషలో అచ్చు కావడం అదే మొదలంటారు. ఆయన 1649లో చనిపోయాడు, పుస్తకం 1651లో లైడెన్‌లో వెలువడింది. పదేళ్ళు పొరుగువాని మాట వినడం మాటలు కాదు. నేను అర నిమిషం కూడా వినలేదు.

తరువాత ఫిలిప్ బాల్డియస్ అనే మరొక బోధకుడు, యాఴ్పాణంలో సేవ చేసినవాడు, 1672లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద పుస్తకం వేశాడు. అందులో మలబారు, కోరమాండల్ తీరాల వర్ణనతోపాటు విష్ణుమూర్తి అవతారాల బొమ్మలున్నాయి. వాటినీ రాగిరేకులతోనే అచ్చు వేశారు. అయితే నెప్ట్యూన్‌ను సొంత నగరసభ నెత్తిన పెట్టుకున్న ఆ దేశమే, ఇక్కడి బొమ్మల పైన మాత్రం అన్యుల విగ్రహారాధన అని శీర్షిక పెట్టింది. మొదట చదివినప్పుడు ఇదేం న్యాయం అనిపించింది. ఆలోచిస్తే, వాళ్ళు మాట కఠినంగా అన్నారు గాని తేడా నిజమైనదే. మత్స్యావతారం పులికాట్‌లో అక్షరం కాదు. పొద్దున్నే లేచి ఆ పేరు తలచుకుని వలకు వెళ్ళేవాడు ఉన్నాడు. పొరుగువాడు చేతులు జోడించే రూపాన్ని నేను ఉపమానానికో, అలంకారానికో వాడుకోలేను. అది నాది కాదు కాబట్టి. అలాగే దాన్ని ఎగతాళి చేసే హక్కు కూడా నాకు లేదు. సువార్త చెప్పడం వేరు, ఎదుటివాని గడపలో ఉమ్మి వేయడం వేరు.

వాక్యంలో దీని గురించి వెదికితే నాకు మొదట దొరికినది ఒక ఓడ. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం, 11వ వచనం. మెలితే దీవిలో చలికాలం గడిపాక పౌలు రోమాకు వెళ్ళడానికి ఎక్కిన ఓడకు ఒక చిహ్నం ఉంది. గ్రీకులో అది ద్యుపతి కుమారులైన కవలల పేరు. ఓడవాళ్ళకు వాళ్ళు కాపుదల దేవతలు. మన తెలుగు బైబిలు తర్జుమా చేసినవారు దానికి అశ్విని అని పెట్టారు. కవలలకు కవలలనే తెచ్చారు. లూకా ఆ బొమ్మ సంగతి రాశాడే గాని, పౌలు ఓడ ఎక్కనన్నాడని రాయలేదు. ఆ ద్యుపతి అన్న మాట కూడా మన బైబిలులోనిదే, లుస్త్ర పట్టణస్థులు బర్నబాకు పెట్టిన పేరు. యోబు గ్రంథంలో నక్షత్రాలకు స్వాతి, మృగశీర్షము, కృత్తిక అని మన పంచాంగపు పేర్లే ఉన్నాయి. మన తర్జుమాదారులు తెలుగువారికి తెలిసిన మాటలు తీసుకున్నారు. మాట తీసుకున్నంత మాత్రాన మొక్కినట్టు కాదని వారికి తెలుసు.

కాని లుస్త్రలో అదే పౌలు, జనం ఎడ్లను, పూదండలను తెచ్చి బలి అర్పించబోతే, బట్టలు చింపుకుని జనంలోకి పరుగెత్తాడు. ఓడ మీద ఉన్నదీ, లుస్త్రలో పలికినదీ అవే దేవతల కుటుంబం. మొదటి చోట బొమ్మ మాత్రమే ఉంది, రెండవచోట మొక్కేవాళ్ళున్నారు. ఎఫెసులో అర్తెమిదేవికి వెండి గుళ్ళు చేసే దేమేత్రియ తన వృత్తి పోతుందని అల్లరి లేపాడు. ఆ అల్లరిని అణచిన కరణము, ఈ మనుష్యులు మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పాడు. పౌలుతో ఏ సంబంధమూ లేనివాడు ఇచ్చిన సాక్ష్యమది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయంలో, కటికవాని అంగడిలో అమ్మేదాన్ని విచారణ చేయకుండా తినండి, అయితే ఇది బలి అర్పించినదని ఎవడైనా చెబితే, ఆ చెప్పినవాని నిమిత్తం మానండి అన్న ఆలోచన ఉంది. మాంసం మారలేదు, ఎదుట కూర్చున్న మనిషిని బట్టి జవాబు మారింది.

అయితే కుర్రవాడికి నేను చెప్పినది ఒప్పా, తప్పా? మాట ఒప్పే కావచ్చు. కాని ఆ గుడ్డ దేనికి వెళుతుంది, ఎవరు కప్పుకుంటారు, నీ మనస్సాక్షి ఏమంటోంది, నీ పక్క బల్లవాడు ఏమనుకుంటాడు, ఒక్కటీ నేను అడగలేదు.

బందరుకోట చూసిన రోజునే తిరుగు ప్రయాణంలో పెడన వెళ్ళాను. షెడ్డు ముందు కాలవలో ఇద్దరు గుడ్డలు జాడిస్తున్నారు. కరక్కాయ వాసన, ఉడుకుతున్న రంగు వాసన. లోపల పొడవాటి బల్లల మీద దిమ్మలు పడే చప్పుడు. యజమాని పెద్దాయన, నుదుట బొట్టు పెట్టుకుని ఉన్నాడు. నేను చల్లపల్లి పాస్టరునని చెప్పగానే కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"మీవాడు చేయి మంచిదండీ. అంచు మీద అంచు పడితే అతుకు కనబడేది కాదు. ఎందుకు మానేశాడో చెప్పను కూడా లేదు" అన్నాడు.

నేను చెప్పాను. దేవుళ్ళ బొమ్మల ఆర్డరు వస్తుందని అతను అడిగితే నేనే వద్దన్నానని.

ఆయన కాసేపు నా వైపే చూశాడు. "ఆ ఆర్డరా? అది నేను అచ్చు వేయలేదండీ. దుప్పట్లకు, దిండు గలేబులకు కావాలన్నారు. కాళ్ళు తగులుతాయి, తల కింద నలుగుతాయి, దేవుడి బొమ్మ నేను వాటికి వేయను బాబూ, కావాలంటే గోడకు వేలాడదీసేవి వేసిస్తానన్నాను. వాళ్ళకు అక్కరలేదన్నారు. మీవాడు మానేసిన రెండు రోజులకే వెనక్కి పంపేశాను."

నా చేతిలో టీ అలాగే ఉంది. పక్క బల్ల మీద ఒకాయన జీవవృక్షం అచ్చు వేస్తున్నాడు. ఎరుపు కొమ్మలు, మధ్యన నల్లని పక్షులు.

"ఇప్పుడెక్కడున్నాడండీ?" అని ఆయనే అడిగాడు. "నాగాయలంక దగ్గర చెరువుల మీద" అన్నాను. "రాత్రి కాపలానా? ఈ చలికా?" అని లేచి, గోడకు ఆనించి ఉన్న దిమ్మలు రెండు చేతితో అటూ ఇటూ తిప్పి చూశాడు. "అతని బల్ల ఖాళీగానే ఉందండీ. వస్తే సోమవారం నుంచే పెట్టుకుంటాను. పూల అచ్చులే ఇస్తానని చెప్పండి."

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. మరునాడు మొదటి బస్సుకు నాగాయలంక బయలుదేరాను.